సింహానికి పులి డబ్బింగ్

1980ల చివర్లో బాపట్ల నుంచి రైలెక్కి తెనాలి వెళ్లి ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్లం. కథ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బొమ్మ పడగానే బంగారు వలయంలోంచి ఎమ్‌జీఎమ్ సింహం గర్జించేది, నేల టికెట్టు వాళ్లంతా ఈలలు వేసేవారు. పెట్టిన డబ్బులు అక్కడికే గిట్టేవి.

ఆ గర్జనలో పులి గొంతు కూడా ఉందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1924లో మొదటి సింహం స్లాట్స్‌ది మూకీల కాలం, అటూ ఇటూ చూసి ఊరుకునేది. 1928లో జాకీ గర్జనను గ్రామఫోన్ రికార్డు మీద వినిపించారు. 1957 నుంచి 2021 దాకా తెర మీద ఉన్నది లియో. 1980లలో కొత్తగా శబ్దం కూర్చిన మార్క్ మాంజినికి సింహం అరుపులో భీకరం చాల్లేదు. పులుల గొంతు కలిపాడు. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకు ఇదేం వింత కాదు లెండి.

సింహాన్ని కెమెరా ముందు నిలబెట్టే విద్యకు పెట్టుబడి మాంసం. పిలిస్తే రావాలి, చెప్పినచోట నిలబడాలి, అప్పుడే ముక్క. లాస్ ఏంజెలెస్ దగ్గర ఎల్ మాంటీలో గే అనే ఇంటిపేరున్న దంపతులు 1925లో సింహాల ఫారమే తెరిచి సినిమాలకు అద్దెకిచ్చారు. యుద్ధకాలంలో మాంసానికి కరువొచ్చి 1942లో మూసేశారు.

మన తెనాలి చక్రపాణి గారు నాగిరెడ్డి గారితో కలిసి నడిపిన విజయా సినిమా సంస్థ గుర్తు హనుమంతుడి జెండా. దానికి బోనూ అక్కర్లేదు, మేతా అక్కర్లేదు.

బోనులో సింహాల సంగతికొస్తే, మన సర్కస్‌లలో వాటి ఆటను కేంద్రం నిషేధిస్తే, 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. డేరాల నుంచి విడిపించిన సింహాలు కొన్ని విశాఖ, తిరుపతి జూల పునరావాస కేంద్రాల్లో ముసలివై పోయాయి. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో పులి కంప్యూటర్‌లో పుట్టింది. దాన్ని చూసీ జనం ఈలలే వేశారు. అంటే మనకు కావలసింది భయమే తప్ప జంతువు కాదన్నమాట.

ఈ సంగతి మన పులివేషగాడికి ఎప్పుడో తెలుసు. ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు, వెనక డప్పు: చంకలో పిల్ల కెవ్వుమంటుంది. ఆట అయ్యాక రంగు కడుక్కుని ఇంటికెళ్లి అన్నం తింటాడు. స్లాట్స్‌కీ జాకీకీ ఆ వీలు లేకపోయింది.

ఈ దసరాకి మీ వీధిలోకి పులివేషం వస్తే తలుపు వేసుకోకండి. పది రూపాయలు ఎక్కువే ఇవ్వండి.