కళ్లు తిరగనివ్వని బిగువు

రక్తం ఇవ్వబోయి ముఖం పాలిపోయిన కుర్రాడికి మనమంతా ఇచ్చే మందు ఒకటే: ‘‘ఏం కాదు, ధైర్యంగా ఉండు!’’ దాంతో బీపీ పెరగదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గొరాన్ ఓస్ట్, సహ పరిశోధకుడు స్టెర్నర్‌తో కలిసి 1987లో ప్రకటించిన పద్ధతి ధైర్యం జోలికే పోదు, నేరుగా కండరాలకు పని చెబుతుంది.

నెత్తురు చూస్తే బెదిరే చాలామందికి బీపీ ముందు కాస్త పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. వేగస్ నరం గుండెను మందగింపజేస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, రక్తం కాళ్లలోకి దిగిపోయి మెదడుకు చాలదు. మిగతా భయాలకు ‘ఒళ్లు వదులుగా ఉంచు’ అనే సలహా పనికొస్తుంది. ఇక్కడ అదే కొంప ముంచుతుంది. ఓస్ట్ పనితనమంతా ఈ తేడాను పట్టుకోవడంలో ఉంది.

పద్ధతి ఇదీ: సూది లేని చేయి, పొట్ట, పిరుదులు, తొడలు గట్టిగా బిగించాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. పది పదిహేను సెకన్లలో ముఖానికి వెచ్చదనం ఎక్కుతుంది. అప్పుడు పట్టు విడవాలి, పూర్తిగా జారగిలపడకుండా మామూలు స్థితికి వస్తే చాలు. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు. ఆ వెచ్చదనమే కొలమానం కావడం నాకు భలే నచ్చింది. మీటరు అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. రక్తదాతల మీద కూడా దీన్ని పరీక్షించారు, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో.

కర్ణాటకలోని రాయచూరు జిల్లాకు ఇది మరీ అవసరం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లివి. సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో ‘క్యాంపులు’ అనే వలస ఊళ్లలోని మన తెలుగు రైతైనా, పక్క ఊరి కన్నడ కూలీ అయినా పొద్దున్నే పొలం చూసుకుని, ఏమీ తినకుండా రక్తదాన శిబిరానికి వస్తే 350 మిల్లీలీటర్లు తీసినా ఒళ్లు తూలవచ్చు. తిని రావాలి. సూదికి కాసేపు ముందు అర లీటరు నీళ్లు తాగాలి.

మంచి టెక్నీషియన్ కళ్లు రక్తం సంచి మీద కన్నా దాత ముఖం మీదే ఎక్కువ ఉంటాయి. ఆవులింత, నుదుటి చెమట, తెల్లబడిన పెదవులు కనబడితే చాలు, సూది తీసేసి, తల దించి, కాళ్లు ఎత్తి పెడతారు. కొందరికి లేచి నడిచాకే కళ్లు తిరుగుతాయి. పదిహేను నిమిషాలు కూర్చోనివ్వకుండా బైకు తాళం చేతికివ్వడం తప్పే.

శిబిరం పెట్టేవాళ్లకు ఒక్క మనవి. సర్టిఫికెట్ ఫొటోల హడావిడి తర్వాత చూసుకోవచ్చు. దాతలు క్యూలో కూర్చున్నప్పుడే ఈ బిగింపు నేర్పండి, రెండు నిమిషాల పని.