గోడమీది బొగ్గురాత: నిజాం కాలపు చెరసాల సాహిత్యం – ఒక వేదాంత విమర్శ

పరిచయం

హైదరాబాదు నుండి గోల్కొండ పక్కగా మొయినాబాదు, చేవెళ్ల వైపు వెళ్లే మర్రిచెట్ల దారి మన సంఘ కాపరులలో చాలామందికి పరిచయమైనదే. గోల్కొండ కోటలో భక్త రామదాసును బంధించిన చెరసాలను నేటికీ యాత్రికులకు చూపిస్తారు. మొయినాబాదు మండలంలోని పెద్దమంగళారం కొండా వెంకట రంగారెడ్డి 1890లో జన్మించిన ఊరు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షుడు. సభ జరుపుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి.

పౌలు చెరలో నుండి వ్రాసిన పత్రికలను మనం శ్రద్ధగా బోధిస్తాము. మన నేలమీది చెరసాలల్లో పుట్టిన సాహిత్యాన్ని ఏ దృష్టితో చదువుతున్నాము? దాశరథి కృష్ణమాచార్య 'అగ్నిధార', వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' అనే రెండు పుస్తకాల వెలుగులో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. 'మతరాజ్యం' అనే మాట

నిజాం పాలనను మతరాజ్యమని తేలికగా అనేస్తాము. ఈ మాటను కొంత జాగ్రత్తగా వాడాలి. అది ప్రధానంగా వంశపాలన. బ్రిటిష్ అధికారానికి లోబడిన రాచరికం. మహారాజా కిషన్ పర్షాద్ వంటి హిందువు ప్రధానమంత్రిగా పనిచేశాడు. మెదక్ మహాదేవాలయం 1924లో ప్రతిష్ఠింపబడినది కూడా నిజాం రాజ్యంలోనే. కాని ఇత్తెహాదుల్ ముసల్మీన్ సంస్థ, రాజ్యాధికారం ముస్లిం సమాజానిదే, ప్రతి ముస్లిం అందులో భాగస్వామి అనే సిద్ధాంతాన్ని ప్రచారం చేసింది. 1946 తరువాత ఖాసిం రజ్వీ నాయకత్వంలో అది రజాకార్ల చేతి ఆయుధమైంది. అధికారం దేవుని పేరు తొడుక్కున్నప్పుడు విమర్శ దైవదూషణగా కనబడుతుంది. అహాబు రాజ్యంలో నాబోతు మీద మోపిన నేరం ఇదే. అసలు కారణం మాత్రం ద్రాక్షతోట.

ఈ ఆయుధానికి స్వమతస్థుడు కూడా మినహాయింపు కాడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. కాబట్టి ఈ చరిత్రను ఒక మతం మీద మరొక మతం వేసే నిందగా చదవడం చరిత్రకే అన్యాయం.

2. రెండు పుస్తకాలు, రెండు చూపులు

దాశరథి నిజామాబాదు జైలులో పళ్లు తోముకునే బొగ్గుతో గోడమీద పద్యాలు రాశారు. సిబ్బంది చెరిపివేసేవారు. తోటి ఖైదీ ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేశారు. 1949లో వెలువడిన 'అగ్నిధార' ఆళ్వారుస్వామికే అంకితమైంది. ఈ అంకితంలో స్నేహంతో పాటు ఒక సాక్ష్యం కూడా ఉంది: గోడ నిలుపుకోలేనిదాన్ని పక్కనున్న మనిషి నిలుపుకున్నాడు.

దాశరథి కవిత్వం రాజును ఎదురుగా నిలబెట్టి నిలదీస్తుంది. దాని బలం అదే, పరిమితి కూడా అదే. రాజు ఒక్కడే పాపి అయితే, రాజు పోగానే పాపం పోవాలి. అయితే ఈ కోపం భాష మీదికి, మతం మీదికి మళ్లలేదన్నది గమనార్హం. ఉర్దూ దర్బారు చెరలో పెట్టిన ఆ కవే తరువాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు.

ఆళ్వారుస్వామి చూపు వేరు. 'జైలు లోపల' కథల్లో ఆయన తన త్యాగాన్ని చెప్పుకోలేదు. దొంగతనానికో హత్యకో శిక్షపడిన సామాన్య ఖైదీల పక్కన కూర్చుని, వారిని అక్కడికి చేర్చిన పరిస్థితులను విన్నారు. రాజకీయ ఖైదీకి దక్కే గౌరవం 'నేరస్థుడి'కి ఎందుకు దక్కదని ఆ కథలు అడుగుతాయి. ఇద్దరు నేరస్థుల నడుమ సిలువ వేయబడినవానిని ప్రకటించే మనకు ఈ ప్రశ్న కొత్తది కాకూడదు.

3. లోకం ఏమి విన్నది?

1937 ఫిబ్రవరిలో అమెరికా 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా నిజాంను ప్రపంచంలోకెల్లా ధనికుడని చూపింది. మరుసటి ఏడాది స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహులతో ఆ ధనికుని జైళ్లు నిండాయి. 1948 సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి హైదరాబాదు విషయం చేపట్టింది. అక్కడికి చేరింది నిజాం ప్రభుత్వ ఫిర్యాదే గాని గోడమీది పద్యం కాదు. అదే పారిస్ నగరంలో మూడు నెలలు తిరగకుండానే, డిసెంబరు 10న, విశ్వ మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందింది.

రాజ్యం మారినా జైలు తలుపులు మూతపడలేదు. పోలీసు చర్య తరువాత కమ్యూనిస్టులు భారత ప్రభుత్వ జైళ్లలో నిండారు. పోలీసు చర్య నాటి రోజుల్లో వేలాది ముస్లింలు హతులైనట్లు సుందర్‌లాల్ కమిటీ నివేదించింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ఉరిశిక్ష పడిన పన్నెండుమంది తెలంగాణ రైతుల పక్షాన బ్రిటన్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. కోర్టులో గెలుపు దొరకలేదు గాని, తరువాత ఉరి తప్పి యావజ్జీవ శిక్షగా మారింది.

4. ఎబెద్మెలెకు ప్రమాణం

యిర్మీయాను బురదగోతిలో దింపినది అన్యరాజ్యం కాదు, యెరూషలేము. ప్రవక్త దేశద్రోహి అని పలికినవారు దేవాలయం ఉన్న పట్టణపు అధిపతులే. అతనిని పైకి తీసినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు, పరదేశి. చంకల క్రింద త్రాడు ఒరుసుకోకుండా పాతబట్టలు కూడా వేసిన మనిషి అతడు. దీనికి భిన్నంగా, విడుదల పొంది యోసేపును మరచిన పానదాయకుల అధిపతి ఉన్నాడు. లోకపు స్పందన ఈ ఇద్దరి మధ్యనే ఊగుతుంది.

ఇరాన్‌లో మతభ్రష్టత్వ నేరంపై మరణశిక్ష పడిన పాస్టర్ యూసెఫ్ నదర్ఖానీ కోసం లోకమంతటా సంఘాలు ప్రార్థించాయి, ప్రభుత్వాలు మాట్లాడాయి. 2012లో ఆయన ఆ నేరం నుండి విముక్తుడయ్యాడు. అది మంచిది. అదే దేశపు ఎవిన్ జైలులో ఉండగా 2023లో నోబెల్ శాంతి బహుమతి పొందిన నర్గెస్ మొహమ్మదీ పేరు మన ప్రార్థన పట్టికల్లో ఎన్నిటిలో ఉంది? హెబ్రీ పత్రిక పదమూడవ అధ్యాయం, మనమూ వారితో కూడ బంధింపబడినట్టే ఖైదీలను తలంచుకొనమంటుంది. ఆ సంఘం మొదట తనవారినే తలచి ఉండవచ్చు. కాని చెరసాలలో ఉన్నవానిని చూడవచ్చితిరా అని అడిగే ప్రభువు, ఆ ఖైదీ ఏ మతస్థుడో చెప్పలేదు.

ముగింపు

ఈ రెండు పుస్తకాలు క్రైస్తవ గ్రంథాలు కావు. వాటిని క్రైస్తవం చేయవలసిన అవసరమూ లేదు. సెమినరీలో చెరసాల పత్రికలు చదివే విద్యార్థి 'జైలు లోపల'ను కూడా చదివితే, తన ఊరి సబ్‌జైలుకు వెళ్లే దారి కనబడుతుంది. అక్కడ ఉన్నవారిలో మనవారెవరు అని అడగకుండా లోపలికి వెళ్లగలిగిననాడు మన పరిచర్య ఎబెద్మెలెకు ప్రమాణానికి దగ్గరవుతుంది.