ఏడు చేపల కథ: ప్రక్రియ మారితే ఏం మారుతుంది?

ఒక కథను మరో ప్రక్రియలో తిరిగి రాయడాన్ని అనుసృజన అంటాం. ప్రాజెక్టు పనిలో మీరు చేయవలసింది ఇదే. మనమందరం చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథను ఉదాహరణగా తీసుకొని, ఇలా మార్చేటప్పుడు ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. మూలకథ నిర్మాణం

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపు మీదికి నెడుతుంది. గడ్డిమోపు ఆవు మీదికి, ఆవు పాలేరు మీదికి, పాలేరు అన్నం పెట్టని అవ్వ మీదికి, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీదికి, పిల్లవాడు కుట్టిన చీమ మీదికి నెడతారు. చీమ దగ్గర కథ ఆగిపోతుంది. మౌఖిక కథ కనుక చెప్పేవారిని బట్టి వివరాలు కొద్దిగా మారవచ్చు. ఇటువంటి వాటిని గొలుసు కథలు అంటారు.

2. డిటెక్టివ్ కథగా మారిస్తే

వరుస ప్రశ్నలు ఉన్నాయి కనుక మొదట తట్టే ప్రక్రియ డిటెక్టివ్ కథ. చిక్కు కూడా ఇక్కడే ఉంది. డిటెక్టివ్ కథకు చివర ఒక దోషి కావాలి. అప్పుడు నేరం చీమ మీద పడుతుంది. కాని మూలంలో చీమ దోషి కాదు. మిగిలినవారందరూ తమ వంతు రాగానే ఇంకొకరిని చూపిస్తే, చీమ ఒక్కటే తాను చేసిన పనిని ఒప్పుకుంటుంది. తన ఇంటి జోలికి వస్తే ఊరుకోనని ఎదురు తిరుగుతుంది. దాన్ని పట్టుకొని శిక్షిస్తే కథ తలకిందులవుతుంది.

మరో నష్టం కూడా ఉంది. ఒకే ప్రశ్న ఏడుసార్లు రావడం పిల్లలకు ఆనందం. జవాబును వాళ్ళే ముందు అందుకుంటారు. డిటెక్టివ్ కథ పాఠకుడికి అదే విసుగు.

3. ఏకాంకికగా మారిస్తే

కథలో ప్రశ్నించేవాడు ఒక గొంతు మాత్రమే. అతన్ని ఎవరూ ఏమీ అడగరు. రంగస్థలం మీద అతను అందరికీ కనిపించాలి. ఎదురుగా ఆకలితో ఉన్న పాలేరు నిలబడతాడు. అప్పుడు ప్రేక్షకుడికి మూలంలో లేని ప్రశ్న ఒకటి తడుతుంది: చేపలు ఎండుతున్నాయో లేదో చూసుకోవలసిన బాధ్యత తెచ్చినవారిది కాదా? కథ దాచిన అధికారాన్ని నాటకం బయటపెడుతుంది. అందుకే ఈ కథకు ఏకాంకిక ఎక్కువ తగిన ప్రక్రియ.

అయితే పాలేరు చేత ఆకలి గురించి పెద్ద ఉపన్యాసం ఇప్పిస్తే హాస్యం చచ్చిపోతుంది. ప్రతివారూ ఒక్క వాక్యంలో జవాబు చెప్పడమే ఈ కథ బలం. అన్నం పెట్టలేదని చెప్పి పాలేరు ఊరుకుంటే చాలు. మిగతాది చూసేవారికి అర్థమవుతుంది.

4. సారాంశం

కొత్త ప్రక్రియ ఏమి కోరుతుందో, దాని కోసం మూలంలో ఏది వదులుకుంటున్నామో తెలిసి రాయడమే మంచి అనుసృజన. మీ ప్రాజెక్టుకు ముందుమాటగా ఈ రెండు విషయాలూ రాయండి.

అభ్యాసం: ఇదే కథను వార్తగా రాస్తే శీర్షికలో ఎవరు ఉంటారు? ఎందుకు? 10 వాక్యాలలో చర్చించండి.