జటాయువు మెడ

ఈ వారం మా మండపేటలో ఒక వీధి గోడ మీద కొత్తగా రామాయణం బొమ్మలు వేశారు. రంగులు బాగా కుదిరాయి. సీతమ్మ ముఖం మరీ బాగుంది. జటాయువు దగ్గరికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. మెడ నిండా పసుపుపచ్చని ఈకలు, నెత్తిన కుచ్చు, గరుత్మంతుడి ముక్కు. వాల్మీకి ఆయన్ని గృధ్రరాజు అన్నాడు, అంటే రాబందుల రాజు. రాబందుకి బోడిమెడ కదా!

అవినీతిపరుల్ని రాబందులనే శీర్షికలంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. రాబందు ఎవరి సొమ్మూ తినలేదు. చచ్చిన గొడ్డుని తిని ఊరిని శుభ్రంగా ఉంచింది.

నా చిన్నప్పుడు తుల్యభాగ గట్టున గొడ్డు చచ్చి పడితే ముందు తోలు ఒలిచేవాళ్ళు వచ్చేవారు. ఆ తోలు చెప్పులకీ డప్పులకీ పోయేది. వాళ్ళు పక్కకి తప్పుకోగానే ఖాళీ ఆకాశంలోంచి ఒకటి దిగేది, దాని వెనకాల పది. రెక్కలు సగం విప్పి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, బుసకొడుతూ తినేవి. రెక్క లేచినప్పుడల్లా వీపు మీద తెల్లటి మచ్చ కనబడేది. గంట తిరిగేసరికి ఎముకలే మిగిలేవి. ఊరకుక్కలకి అక్కడ పనుండేది కాదు. అదే పక్షి ఇంటి కప్పు మీద వాలితే మాత్రం ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టేవారు. మా వీధిలో ఒక కుటుంబం అలాగే సామాను సర్దుకుని బంధువులింటికి పోయింది. ఏటా శ్రీరామనవమికి జటాయువు కథ చెప్పించుకునేదీ ఆ ఇంటివాళ్ళే.

1980ల దాకా ఈ దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. పశువుల నొప్పులకిచ్చే డైక్లోఫెనాక్ వాటి పాలిట విషమైంది. ఆ మందు పడిన గొడ్డు చచ్చి, దాన్ని రాబందు తింటే మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద తెల్లగా పేరుకుని చచ్చిపోయేది. 2004లో ఈ సంగతి తేలింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఎన్నేళ్ళకి కోలుకోవాలి? మా వైపు పిల్లలకి రాబందంటే పుస్తకంలో బొమ్మే.

విగ్రహాలకేం కొదవ లేదు. లేపాక్షిలో బండ మీద జటాయువున్నాడు. కేరళలోని చడయమంగళంలో 200 అడుగుల జటాయువున్నాడు. మన గోదావరి పక్కనే, భద్రాచలం దగ్గర ఎటపాకలో, రావణుడితో ఆయన పోరాడింది ఇక్కడేనని చెప్పుకుంటారు.

గోడ బొమ్మ మీది కోపంతోనే కాకినాడ దగ్గర మాధవపట్నం వెళ్ళాను. అక్కడ తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. ఒక పెద్దాయన చాపలో చుట్టిన బొమ్మల్లోంచి జటాయువుని తీసి వెలుగుకి అడ్డం పట్టారు. వెంట్రుకలు గీకి పల్చన చేసిన మేకతోలు, నడుమ తాటిబద్ద. ఎర్రరంగు తోలులోంచి వెలిగింది. ఒక రెక్క వేరే ముక్క, దారంతో కట్టి ఉంది. రావణుడు కత్తి ఎత్తగానే దారం వదిలేస్తే రెక్క వేలాడిపోతుంది. మెడ చూశాను. ఉలితో కొట్టిన సన్నటి చిల్లులు, వరసలు వరసలుగా. ఇక్కడా ఈకలే.

అడిగాను. ఆయన అన్నారు: "రాబందుల్ని రోజూ చూసేవాళ్ళమండి. తెర మీదక్కూడా అదే వస్తే ఎవరేడుస్తారండి?"

ఆ మాట నన్ను వదల్లేదు. కప్పు మీద వాలితే ఇల్లొదిలి పారిపోయే జనం తెర మీద రెక్క తెగితే కళ్ళొత్తుకున్నారు. ఆ కన్నీటి కోసమే బొమ్మ చేసినవాడు బోడిమెడకి ఈకలు తొడిగాడు. దశరథుడికి దహనసంస్కారం భరతుడు చేశాడు, జటాయువుకి కొడుకులా చితి పేర్చింది రాముడే. ఆ కొడుకు వరసకి తగ్గట్టు పక్షిని ముస్తాబు చేశారు మనవాళ్ళు. గోడల మీదా తెరల మీదా ఆ కుచ్చు, ఆ ఈకలు అలాగే ఉండాలి.

నాకు కావలసిన రాబందు బొమ్మ వేరే ఉంది. పశువుల ఆసుపత్రి గోడ మీద, బోడిమెడతో, తెల్లవీపుతో, చచ్చిన గొడ్డు పక్కన వాలినట్టు వేయాలి. కింద రైతుకి దూరం నుంచి కనబడేలా రెండు మందుల పేర్లు రాయాలి: వాడకూడనిది డైక్లోఫెనాక్, వాడదగినది మెలాక్సికామ్. అధికారుల అనుమతి నేను అడుగుతాను, రంగుల ఖర్చు పెట్టుకుంటాను. గీయగలిగినవాళ్ళు ఈ పత్రిక చిరునామాకి ఉత్తరం రాయండి.