బాలక్రీడావిశేషము

మన తెలుగు నిఘంటువులలో ఒక చిత్రమైన మర్యాద కలదు. పాతకాలపు ఆట పేరేదైన ఎదురైనప్పుడు, దానిని ఆడు తీరెట్టిదో చెప్పుటకు మాఱుగా 'బాలక్రీడావిశేషము' అని వ్రాసి నిఘంటుకారుడు ముందునకు సాగిపోవును. పిట్ట పేరైనచో 'పక్షివిశేషము'. పిండివంట పేరైనచో 'భక్ష్యవిశేషము'. చదువరికి దీనివలన తెలిసినదేమి? అది ఆట యని ముందే తెలియును. తెలియనిదంతయు 'విశేషము' అను మాట చాటున దాగియున్నది. పండితులను ఎగతాళి చేయుట మా తలంపు కాదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారు శబ్దరత్నాకరమును వెలువరించిన 1885 నాటికి ఆ యాటలు వీధి యరుగులమీద నిత్యము సాగుచునే యుండెను. ఎల్లరు ఎఱిగినదానిని వివరింపనేల యని ఆ కాలపు పండితులు తలచి యుందురు. ఇప్పుడు అరుగులు పోయినవి. విశేషము మాత్రము మిగిలినది.

ఏడాది పొడవునను ఇంటిల్లిపాదియు కూడి, చేతి చమురు వదలకుండ జరుపుకొను చిన్న చిన్న వేడుకలు మనకు చాల కలవు. వానిని మన గ్రంథములు ఎట్లు చూచినవో, తెలుగునాటికి వెలుపల తరతరములుగ స్థిరపడిన మన సంఘములు ఎట్లు చూచుచున్నవో కొంచెము నిష్కర్షగా విమర్శింప దలచితిమి. ఈ విమర్శలో మేమును దోషులమే. ఆ సంగతి ముందు ముందు తెలియగలదు.

మొదట కవులను చూతము. పోతనామాత్యుడు దశమస్కంధమున రుక్మిణి బాల్యమును వర్ణించుచు, ఆమె బొమ్మలకు పెండ్లిండ్లు చేసి తోడి బాలికలతో వియ్యమందినదనియు, గుజ్జనగూళ్ళు వండించి చెలులకు పెట్టించినదనియు చెప్పెను. గుజ్జనగూళ్ళనగా పిల్లలు ఆటలో వండుకొను కూడు. పిడికెడు బియ్యము, చిట్టి పిడత, ఇంత బెల్లము. అంతకు మించిన సంభారమేదియు లేదు. కాని ఆ కొంచెములోనే పెట్టుట, కొసరుట, వియ్యమందుట, అలుగుట అను సంసారపు మాటలన్నియు బాలిక నోట పలికినవి. అదే స్కంధమున సత్యభామ నరకాసురునిపై యుద్ధమునకు నిలిచినప్పుడు, బొమ్మల పెండ్లికి పోవుటకే ఒప్పుకొనని పిల్ల రణరంగమునకు ఎట్లు రాదలచెనో అని కవి అచ్చెరువు పడును. ఆడపిల్ల సిగ్గును కొలుచుటకు ఆయనకు దొరికిన కొలబద్ద బొమ్మలపెండ్లి. ఆ కొలబద్ద తెలిసిన ఇంట ఈ పద్యము చిఱునవ్వు పుట్టించును. తెలియని ఇంట దీనికి టీక కావలసియుండును. పోతన ఆటల పట్టికను వ్రాయలేదు. ఆటలు ఆడిన ఇంటిలోనుండి మాటాడెను.

పదునెనిమిదవ శతాబ్దివాడైన అయ్యలరాజు నారాయణామాత్యుని మార్గము వేఱు. ఆయన హంసవింశతిలో ఆటల పేళ్ళు బారులు తీరియుండును. పరిశోధకులకు అది పెన్నిధి. కావ్యముగా చదువువానికి మాత్రము అంగడి జాబితా చదివినట్లుండును. ఇది మా అభిరుచి, కాదనువారు కాదనవచ్చును. ఆ జాబితాను, శ్రీనాథుని కాలపు క్రీడాభిరామమును, తక్కిన కావ్యములను గాలించి, జనులు తిన్న తిండి, ఆడిన ఆట, కట్టిన బట్ట చరిత్రకు తగిన వస్తువులే యని నిరూపించినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడినది. తెలుగునకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము 1955లో దానికే లభించినది. అప్పటికి రెండేండ్ల క్రిందటనే ఆయన కాలధర్మము చెందిరి. ఆ గ్రంథమున మమ్ము ఆకట్టుకొనినది ఆయన పాండిత్యముకంటె ఆయన పట్టుదల. పేరు దొరికినంతనే తృప్తి పడక, ఆ పేరు వెనుకనున్న పని యేమో తెలిసికొనవలెనని ఆయన తపించిరి. పేరు వేఱు, పని వేఱు అను ఈ భేదమునే ఇప్పుడు మనవైపు త్రిప్పుకొందము.

కొన్నియేండ్ల క్రిందట చెన్నపురిలో ఒక తెలుగు సంఘమువారు సంక్రాంతికి బాలబాలికలకు 'మన ఆటలు' అను పోటీ పెట్టిరి. న్యాయనిర్ణేతలు మువ్వురలో మేమొకరము. వేదికపై వామనగుంటల పీట నుంచిరి. వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు. ప్రక్కన చింతపిక్కల గిన్నె. పదేండ్ల బాలిక యొకతె వచ్చి కూర్చుండి, ఆట పేరేమని మేమడుగగా 'పల్లాంగుళి' అనెను. సభలో చిన్న కలకలము బయలుదేఱినది. పిమ్మట ఆ పిల్ల గింజలు పంచుట మొదలిడినది. ఎంత చుఱుకైన వ్రేళ్ళు! గుంటలోనివి ఎత్తి, ఒక్కొక్కటిగ పంచి, ఖాళీ గుంటను తుడిచి ఆవలి గుంటలోనివి పట్టి, నాలుగు చేరిన గుంటను 'పసు' అని ప్రక్కకు తీసినది. అరవమున ఆ మాటకు ఆవు అని అర్థము. మేము మువ్వురము తలలు దగ్గఱకు చేర్చి, భాషలో లోపమున్నదని మార్కులు తగ్గించితిమి. ఆట పేరును, దాని పురాణసంబంధమును గడగడ అప్పగించి, పీటను చేతితోనైన తాకని మఱియొక బాలునికి మొదటి బహుమానము ఇచ్చితిమి.

బహుమానములు పంచిన పిదప వెనుక వరుసనుండి ఒక వృద్ధురాలు మెల్లగా వచ్చి, "మీలో ఎవరికైనా ఈ ఆట ఆడుట వచ్చునా, నాయనా?" అని అడిగినది. ఆమె ఆ బాలికకు అమ్మమ్మ. మువ్వురము ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. ఎవరికిని రాదు! మాకు తెలిసినదెల్ల ఆ యాట పేరు. అది బాలక్రీడావిశేష మన్న సంగతి. ఆట ఆ పిల్ల దగ్గఱ నున్నది. నిఘంటువు మా దగ్గఱ నున్నది.

ఈ ఉదంతమును మేము చాలనాళ్ళు ఎవరికిని చెప్పలేదు. చెప్పుకొనుటకు సిగ్గుగానే యుండెను. ఆలోచించిన కొలదియు మాకు తోచినదిది. వామనగుంటలు తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. మూడు పులులు, పదునైదు మేకలతో ఆడు పులిజూదము తమిళులకును కలదు, కన్నడిగులకును కలదు. నాలుగు గవ్వలు వెల్లకిల పడిన చమ్మ యనియు, నాలుగును బోరగిల పడిన అష్ట యనియు మన మాడుకొను అష్టాచెమ్మకును ఇరుగుపొరుగు భాషలలో చుట్టములు కలరు. కావున ఆట నశించునను భయము అక్కఱలేదు. పొరుగువారి పిల్లలతో కలసి మన పిల్లలు దానిని బ్రతికించుకొందురు. పోవునది ఆటలోని తెలుగు. పంచు, తుడుచు, ఎత్తు, ఓడు, అలుగు, తొండి, పందెము—ఈ మాటలను పలికించుటకు ఇల్లు తప్ప వేఱొక బడి మనకు లేదు. స్థిరపడిన కుటుంబములలో పిల్లల తెలుగు సాధారణముగ అన్నము పెట్టుము, స్నానము చేయుము, పడుకొనుము అను నాలుగైదు ఆజ్ఞలకు కుదించుకొని పోవుచున్నది. ఆ పిల్ల 'పసు' అనుట తప్పు కాదు. ఆమె చెవిని ఇంకొక మాటయు పడవలసినది, పడలేదు. ఆ లోపము వేదికమీద కాదు, ఇంట దిద్దవలసినది. ఇంట దిద్దవలసినదానికి మేము వేదికపై మార్కులు తగ్గించితిమి.

ఉగాది పచ్చడి సంగతి చూడుడు. కర్ణాటకమున పొరుగువారు ఆ నాడు వేపపువ్వును బెల్లమును కలిపి పెట్టుదురు. అది సులువు, అందమైన ఆచారము. మన పచ్చడి కొంత శ్రమ పెట్టును: క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, వేపపువ్వు, మామిడికాయ, ఉప్పు, కారము. పిల్లలను చుట్టును కూర్చుండబెట్టి ఒక్కొక్కటి నాలుకపై నుంచి రుచి పేరు చెప్పించిన యెడల ఆఱు మాటలు వచ్చును. తీపి, పులుపు, ఉప్పు, కారము ఎట్లో తెలిసియుండును. చేదు మందు మ్రింగునప్పుడు తెలియును. వగరు? మాకు తెలిసిన అనేక గృహములలో పిల్లలకు ఈ మాట లేదు. మామిడి పిందెను పంట కొఱికినప్పుడు నాలుక పిడచగట్టుకొని పోవుటను ఎఱుగని పిల్లకు, ఆ మాటను ఏ వాచకము నేర్పగలదు?

రథసప్తమినాటి చిక్కుడుకాయల రథమువంటి బొమ్మ ఏ అంగడిలోను దొరకదని మేము ధైర్యముగ చెప్పగలము. లేత కాయలకు చీపురుపుల్లలు గ్రుచ్చి అడుగు కట్టి, కాయ ముక్కలను చక్రములు చేసి, పైన ఇంకొక రెండు కాయలను వంచి నిలిపినచో రథమగును. కాయ ముదిరినచో పగులును. పుల్ల లావైనచో చీలును. తాత ఒకటి చేయును, మనుమడు నాలుగు పాడుచేయును. పాడైనవి కూరలోనికి పోవును గనుక ఎవరికిని నష్టము లేదు. ఎండలో పిడకలమీద పాలు పొంగించి వండిన పరమాన్నమును చిక్కుడాకులలో పెట్టుకొని తినుట దానికి కొసమెఱుపు. మేడమీది ఇండ్లలో పిడకల పొగకు తగవులు వచ్చునందురు. నిజమే, పొయ్యిమీద వండుకొనుడు. రథమునకు పొగ లేదుగదా.

అట్లతద్దెనాడు తెల్లవాఱుజామున చద్దియన్నము తిని ఉయ్యాల లూగుట, కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము, భోగినాడు పసివాని తలపై రేగుపండ్లు, చెఱకు ముక్కలు, చిల్లర నాణెములు కలిపి పోయుట, శ్రీరామనవమికి పానకము వడపప్పు, వేసవిలో ముంజెలు తిని మిగిలిన కాయలతో బండి—ఇవన్నియు చదువరు లెఱిగినవే. పేళ్ళు పేర్చినచో మేమును నారాయణామాత్యుల వారసులమగుదుము.

పరిసరములను బట్టి ఈ వేడుకలు రూపు మార్చుకొనును, మార్చుకొనవలెను. షోలాపురము, భివండి, ముంబై నగరములలోని తెలంగాణపు నేతకుటుంబములు బతుకమ్మను విడువలేదు. పల్లెలో చేని గట్లమీద ఊరకే దొరకు తంగేడును గునుగును పట్టణమున కొనవలసి వచ్చినను, సద్దుల నాటి నువ్వులపొడి, మలీద ఇంటనే కలుపుకొనుచున్నారు. ఒడిశాలో 1936నుండి కలిసిన గంజాము ప్రాంతపు తెలుగు పిల్లల భాగ్యము మఱియొక విధమైనది. కార్తిక పూర్ణిమ వేకువను ఒడియావారు అరటి దొప్పలతో, కాగితములతో చిఱుపడవలు చేసి దీపములతో నీట విడుతురు. పదునైదు దినములు తిరుగునప్పటికి పోలిపాడ్యమి నాడు మనవారు అరటి దొప్పలలో దీపములు విడుతురు. రెండింటికిని ఒకే దొప్ప, ఒకే చెఱువు. ఒకటి ఓడ వర్తకుల కథ, ఇంకొకటి చాకలి పోలి కథ. రెండు కథలను రెండు భాషలలో చెప్పగల పిల్లను చూచి ఎవ్వరు అసూయ పడరు? యానాములో వీధి యంతయు తెలుగే. 1954లో ఫ్రెంచిపాలన తొలగక ముందును అంతే. అచ్చటివారికి మా బెంగ కొంత వింతగా తోచవచ్చును.

ఇక సంఘములను గూర్చి. చెన్నపురినుండి 1945లో 'బాల' పత్రికను స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణిలో పిల్లలచేతనే మాటాడించిరి, పాడించిరి. పెద్దలు పిల్లలకు చెప్పుట కాదు, పిల్లలే చెప్పుట వారి పద్ధతి. మన సంఘములు ఈ పాఠమును సగమే నేర్చుకొన్నవి. వేదిక నిచ్చినవి, ఆటను పుచ్చుకొన్నవి. నేడు సంక్రాంతి యనగా అద్దె మండపము, అద్దె దుస్తులు, వంటవారు తెచ్చిన అరిసెలు, అచ్చులో పోసిన గొబ్బెమ్మలు, ఆ మీదట సెల్‌ఫోనులో బొమ్మలు. తల్లిదండ్రులు కుర్చీలలో, పిల్లలు వరుసలో. మనము ప్రకటించు సంచికలలో ఆ ఛాయాచిత్రములు నిండుగ పడుచున్నవి. చిక్కుడు రథమును కట్టు విధము ఒక్క పుటలోనైన కనబడదు. ఈ మాట మా సంచికకును వర్తించును. ఖర్చు పెరిగినదని మా ఫిర్యాదు కాదు, డబ్బున్నవారు వెచ్చింతురు. డబ్బు చాలని కుటుంబము, మండపమునకు చందా కట్టలేక పండుగే తమది కాదనుకొని దూరమగుచున్నది. చింతపిక్కలకు చందా లేదు.

తీరిక లేదనువారికి మా యొద్ద గొప్ప సమాధానము లేదు. ఇద్దఱును ఉద్యోగములు చేయు దంపతులకు ఆదివారము ఒక్కటే దినము. దానిలో సగము బట్టలకును అంగడికిని పోవును. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. ఏడాదికి ఒక్క పని, ఏ పండుగదైనను సరే, కొనక ఇంట చేయుదురా యని మాత్రము అడుగుదుము.

పోటీ ముగిసిన రెండు వారములకు ఆ అమ్మమ్మ ఇల్లు వెదకికొని పోతిమి. క్షమాపణ చెప్పుటకని బయలుదేఱితిమి గాని, పలుకులు వెదకుకొనుచుండగనే ఆమె పీట తెచ్చి నేలపై నుంచి, మనుమరాలిని పిలిచినది. ఆ పిల్ల అరవమున చెప్పును, అమ్మమ్మ తెలుగున అందించును. "ఆ ఖాళీ గుంటను తుడిచి అవతలివి తీసుకో నాయనా, తొండి ఆడకు" అని ఆమె మమ్ము రెండుమాఱులు గద్దించినది. రెండవమాఱు పిల్ల కూడ 'తొండి' అని నవ్వినది. మూడాటలును ఓడితిమి. నాలుగవది సగములో నుండగనే దీపాలవేళ యైనది. పిక్కలను అట్లే గుంటలలో నుంచి లేచితిమి.