పేరులో పైడి

ఫుట్‌బాల్ బహుమతి బాలన్ డి ఓర్ ఎవరికొచ్చిందని అడిగితే మా వీధి కుర్రాళ్లు ఠక్కున చెప్పేస్తారు. అందులో ‘ఓర్’ అంటే ఫ్రెంచిలో బంగారం. లాటిన్ ‘ఔరుమ్’ అరిగి ఇంత చిన్నదైంది. ఫ్రెంచివాళ్లకు అది రోజూ నోట్లో ఆడే మాట. భర్త మంచివాడైతే బంగారంతో చేసిన మొగుడంటారు. డబ్బున్నవాడు బంగారం మీద దొర్లుతున్నాడంటారు. ఇవి చదువుతుంటే నాకు మా ఊళ్ల పిలుపులే చెవిలో పడ్డాయి.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బంగారం మనుషుల పేర్లలో ఉంటుంది. పసిడి పైడి అయింది. పసుపు కూడా ఆ మాటకు తోబుట్టువే. పైడిరాజు, పైడయ్య, పైడమ్మ, పైడితల్లి... నేను చదివిన బడిలో ఒక్క తరగతిలోనే ముగ్గురు పైడిరాజులు. ఇంటిపేరు కలిపి పిలిస్తే తప్ప ఎవరు పలకాలో తెలిసేది కాదు. చెవులకు కమ్మలైనా లేని పిల్లను వాళ్లమ్మ ‘పైడమ్మా’ అని పిలవడం నేను విన్నాను.

ఈ పేర్లన్నీ విజయనగరం పైడితల్లి అమ్మవారివి. ఆమె కథలోకి ఫ్రెంచివాళ్లూ వస్తారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనతో కలిసి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట కూలింది. ఆ వెంటనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును చంపాడు. ఆ యుద్ధం వద్దని చెల్లెలు పైడితల్లి వేడుకుందనీ, అన్న పోయాక తానూ ప్రాణం విడిచి పెద్దచెరువులో దేవతగా వెలిసిందనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. విజయదశమి వెళ్లిన మంగళవారం సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. అమ్మే వచ్చిందని జనం అరటిపళ్లు విసిరి మొక్కుతారు.

గెలిచిన బుస్సీ పేరు ఇక్కడ ఏ తల్లీ బిడ్డకు పెట్టుకోలేదు. యుద్ధం వద్దన్న ఆడపడుచు పేరు ఇంటింటా మోగుతోంది. నాకు ఇంతకంటే పెద్ద తీర్పు కనిపించదు.

ఈమధ్య ఆ పేరు మోటుగా ఉందని బడిలో చేర్చేటప్పుడు మార్చేస్తున్నారు. మార్చకండి. మీ అమ్మాయి ‘పైడి అంటే ఏటమ్మా?’ అని అడిగితే బంగారమని చెప్పండి. ఆ వెనకే చెల్లెలి కథ కూడా చెప్పండి.