గుమ్మం దగ్గర అడగకూడని ప్రశ్న

ఆదివారం పూట మా చర్చి గుమ్మం దగ్గర నిలబడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. పెద్ద పనేం కాదు. వచ్చినవాళ్ళకు "వందనాలండీ" అనడం, పాటల పుస్తకం చేతికివ్వడం, ముసలివాళ్ళకు ఫ్యాను కింద చోటు చూడటం. ఇందులో నాకు మొదట అబ్బిన విద్య చెప్పుల్ని చూడటం. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళు మెట్ల మీదే ఎలా పడితే అలా విడిచేస్తారు. కొత్తవాళ్ళవి గోడ వారగా, గేటు వైపు తిరిగి ఉంటాయి, ఏ క్షణమైనా వెళ్ళిపోవడానికి వీలుగా.

రెండో విద్య ఒకరిని పోగొట్టుకున్నాక గానీ రాలేదు. ఓ ఆదివారం పాతికేళ్ళ అమ్మాయి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ఆరాధన అయ్యాక కలుపుగోలుగానే అడిగాను: "ఏ ఊరమ్మా? ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి?" ఊరు చెప్పింది. ఇంటిపేరు దగ్గర చిన్నగా నవ్వి, చెప్పులు వేసుకుంది. మళ్ళీ రాలేదు.

నేను అడిగింది ఇంటిపేరు. ఆమెకు వినబడింది కులం. ఆమె పొరబడిందని ఎలా అనను? ఇది మాలల గుడి, అది మాదిగల గుడి అని ఊళ్ళల్లో ఇప్పటికీ అనుకోవడం మనం విననిదా? మన సంఘం పుట్టిందే కలయికలోంచి: ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకటై 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు అక్కడికి చేరడానికి 28 ఏళ్ళు పట్టింది. సిద్ధాంతాల తేడాలనే దాటగలిగినవాళ్ళం, ఇంటిపేరు దగ్గర ఇంకా ఆగుతున్నాం.

ఆ తర్వాత బైబిల్లో రూతు కథ మళ్ళీ చదివాను. తన పొలంలో పరిగె ఏరుకుంటున్న పిల్లను చూసి బోయజూ ముందు ఎవరి తాలూకు అనే అడిగాడు. పరాయి దేశమైన మోయాబు పిల్ల అని తెలిశాక మాత్రం దూరం జరగలేదు. దాహమైతే తాగమని నీళ్ళ కుండలు చూపించాడు. భోజనాల వేళ తన కోతవాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు. పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే జారవిడవమన్నాడు. ఆమె చెయ్యి చాపకుండానే ఒడి నిండింది.

ఇప్పుడు నేను ప్రశ్నలు మానేశాను. కొత్తవాళ్ళకిచ్చే పుస్తకంలో మొదటి పాట దగ్గర చిన్న కాగితం పెడతాను, పేజీలు తిప్పుతూ తడబడకుండా. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూసేవాళ్ళ పక్కకు స్త్రీల సమాజంలో ఒకరిని పంపుతాను. ప్రకటనలప్పుడు కొత్తవాళ్ళను లేచి నిలబడమనే అలవాటు మానిపించమని అయ్యగారిని బతిమాలి ఒప్పించాను. పేరు అంటారా, మూడో వారమో నాలుగో వారమో వాళ్ళే చెబుతారు.

రెండు నెలలుగా గోడ వారగా ఉండే ఓ జత చెప్పులు పోయిన ఆదివారం మెట్ల మీద, మా అందరి చెప్పుల్లో కలిసిపోయి కనిపించాయి. ఎవరివో తెలుసు. ఆమె ఇంటిపేరు ఇప్పటికీ తెలియదు.